నిలవ గాలి

మా బావతో వేగడం నా వల్ల కాదని ఇరవై రెండేళ్లుగా అంటున్నాను. అంటూనే వేగుతున్నాను. అక్క మొగుడు కాబట్టి ఇంట్లో తప్పదు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు కాబట్టి అక్కడా తప్పదు. నేను మూడో అంతస్తులో స్టోర్సు చూస్తాను. ఆయన కింద నేలమాళిగలో రేడాన్ మిషను చూస్తాడు. మధ్యలో ఉన్న మెట్లన్నీ నేను ఆయన్ని తిట్టుకుంటూ ఎక్కి దిగినవే.

రేడాన్ అంటే ఒక గ్యాసు. రంగుండదు, వాసనుండదు. భూమిలో రాళ్లలో పుట్టి, మట్టి సందుల్లోంచీ బోరు నీళ్లతోనూ పైకి వస్తుంది. ఆరుబయట అయితే గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. నేలను ఆనుకుని, తలుపులు మూసి ఉన్న గదిలో చేరిందంటే మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంటివాళ్లెవరైనా అర్జీ పెట్టుకుంటే మా బావ వెళ్లి, వాళ్ల పెరట్లో మట్టిలోంచీ బోరు నీళ్లలోంచీ కింది గదుల్లోంచీ ఆ గ్యాసు పట్టుకొచ్చి, మిషనుకి పెట్టి, ఎంతుందో కాగితం మీద రాసిస్తాడు. ఇదీ ఉద్యోగం. చెప్పడానికి మూడు ముక్కలే. ఆయన చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, తెలుస్తుంది.

ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ‘మూడు గంటలాయన’ అంటారు. గ్యాసు పట్టే డబ్బా పిడికిలంత ఉంటుంది. లోపల తెల్లటి పొడి పూసి ఉంటుంది. గ్యాసులోంచి వచ్చే రేణువు తగిలినప్పుడల్లా ఆ పొడి చిన్నగా మెరుస్తుంది. నిమిషానికి ఎన్ని మెరుపులో మిషను లెక్కపెడుతుంది. అయితే డబ్బా నింపగానే లెక్కపెట్టకూడదట. లోపల అంతా కుదురుకోవడానికి మూడు గంటలు పడుతుందట. సరే, పడుతుంది. ఆ మూడు గంటలూ ఏ మనిషైనా ఏం చేస్తాడు? బయటికొచ్చి టీ తాగుతాడు, నలుగురితో మాట్లాడతాడు. మా బావ మాత్రం కిటికీ లేని ఆ గదిలో తలుపు మూసుకుని, మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు.

“కాసేపు పైకి రా బావా, అదేమన్నా గుడ్లు పొదుగుతోందా?” అనేవాణ్ణి.

“నేను లేనప్పుడు ఎవడైనా తలుపు తీస్తే? వెలుతురు పడితే దానికి పడదురా.”

‘దానికి’ అంటే మిషనుకి. దానికో పేరు కూడా ఉంది, ముసల్ది. వేరే ఆఫీసు వాళ్లు పదేళ్లు వాడి, కొత్తది వచ్చాక మాకు పంపించారు. మా బావ దాన్ని చూసిన చూపు పెళ్లిచూపుల్లో మా అక్కని కూడా చూసి ఉండడు. ఈ మాట నేననలేదు, మా అక్కే అంటుంది.

మా అక్క పడ్డ పాట్లు వేరే. తడి తగిలితే లెక్క పాడవుతుందని గాలిని నీలం గోళీలు పోసిన గొట్టంలోంచి లాగుతారు. తడి పీల్చుకున్నకొద్దీ ఆ గోళీలు గులాబీ రంగుకి తిరుగుతాయి. మళ్లీ నీలం అవ్వాలంటే వేడి చెయ్యాలి. పెళ్లయిన కొత్తలో ఓ ఆదివారం మా అక్క వంటింట్లోకి వెళ్లేసరికి, ఈయన పొయ్యి దగ్గర నిలబడి ఆవిడ కొత్త బాణలిలో గోళీలు దోరగా వేయిస్తున్నాడు. “పాపిష్టి మనిషీ, రంగు గోళీలు వేయించిన దాంట్లో నేను కూర వండనా!” అని మా అక్క ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ బాణలి ఆఫీసుకి చేరింది. నా స్టోర్సు పుస్తకంలో ఇప్పటికీ ఉంది, ‘బాణలి, ఒకటి, సొంతం’ అని.

నీళ్ల సంగతి ఇంకా ఘోరం. సీసాలో నీళ్లు పడితే బుడగ ఉండకూడదు. బుడగ ఉంటే నీళ్లలో గ్యాసంతా అందులోకి పోతుందట. అందుకని బకెట్టులో నీళ్లు నింపి, సీసాని అందులో ముంచి, నీళ్ల అడుగునే మూత పెడతాడు. అలవాటైపోయి ఇంట్లో తాగే నీళ్ల సీసా కూడా అలాగే నింపేవాడు. ఓసారి జీపు డ్రైవరు సెలవులో ఉంటే, నా ఖర్మ కాలి, నేను తోడు వెళ్లాను. రిటైరైన ఓ పంతులమ్మ ఇల్లు. పాపం ఆవిడ మర్యాదస్తురాలు. సార్లకి శ్రమ ఎందుకని ముందు రోజే బోరు నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి, మూడు సీసాల్లో పోసి సిద్ధంగా పెట్టింది. మా బావ ఆ సీసాల వంక చూసి నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు.

“ఏమ్మా, వీటిలో ఇంకేముంటుందమ్మా? కాస్తే గ్యాసు ఎగిరిపోతుంది కదా.”

“పోతే మంచిదేగా బాబూ?” అంది ఆవిడ.

అప్పుడు కరెంటు లేదు. కరెంటు వచ్చి, మోటారు ఆడి, కొత్త నీళ్లు పడేదాకా కూర్చుందామన్నాడు. మధ్యాహ్నం మూడయింది. నా పేగులు అరుస్తున్నాయి. “బావా, ఆవిడే పోతే మంచిదంటోంది, నీకెందుకయ్యా?” అన్నాను. “కాగితం మీద సంతకం నాది కదరా” అన్నాడు. ఆ ఇంటి నీళ్లలో నిజంగానే చాలా ఉందని తేలింది. తొట్టిలో పోసి గాలి తగలనిచ్చి వాడుకోమని రాసిచ్చాడు. ఆవిడ ఏటా పలకరిస్తూ ఉత్తరం రాస్తుంది. ఆయనకి. ఆకలితో మాడింది నేను.

ఇలాంటి మనిషి. ఎదుటివాళ్ల సీసాలో బుడగ ఉంటే ఊరుకోడు. అందుకే నాకిప్పుడు మరీ ఒళ్లు మండుతుంది.

ఇక నిలవ గాలి సంగతి. మిషను వచ్చిన మొదటి నెలలోనే మా బావ నాకో ఇండెంటు పంపాడు. ఇండెంటు అంటే ఫలానా సామాను కావాలని స్టోర్సుకి రాసే కాగితం. అందులో ఇలా ఉంది: ‘నెల రోజులకు తక్కువ కాకుండా నిలవ ఉన్న గాలి, సిలిండరు, ఒకటి.’

నేను మూడుసార్లు చదువుకుని, ఇండెంటు పట్టుకుని కిందకి దిగాను.

“ఏం బావా, ఒంట్లో బాగుందా? లోకంలో అందరూ తాజా గాలి కావాలంటారు. నీకు నిలవ గాలి కావాలా?”

“అదికాదురా. రోజూ పొద్దున్నే ఖాళీ లెక్క తియ్యాలి. డబ్బాలో ఏమీ లేనప్పుడు మిషను ఎంత చూపిస్తుందో తెలియాలి. అది మిషను సొంత గోల. తర్వాత వచ్చే ప్రతి లెక్కలోంచీ దాన్ని తీసెయ్యాలి. గాలిని నెల్లాళ్లు సిలిండరులో ఉంచితే అందులో రేడాన్ చచ్చిపోతుంది. అలాంటి గాలితో డబ్బా కడగాలి.”

“గాలి కోసం నేను పై ఆఫీసుకి రాయాలా? వాళ్లు నా మొహాన ఉమ్ముతారు. నీ గదిలో గాలి లేదా? దాంతో కడుక్కో!”

ఆయన నసిగాడు. నేను అక్కడే, ఆ బల్ల మీదే, ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి కింద రాశాను: ‘గది నిండా గాలే. అదే వాడుకోగలరు.’ సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టాను. చదివి ఆయనా పగలబడి నవ్వాడు. ఆ రాత్రికి మా అక్కకి చెప్పాడు. ఆవిడ మా పిన్నికి చెప్పింది. ఇరవై రెండేళ్లుగా మా చుట్టాల్లో ఏ శుభకార్యం జరిగినా, నలుగురు కూర్చున్నారంటే ఆ ఎర్ర ఇంకు జోకు రావలసిందే. ‘గది నిండా గాలే’ అనగానే అందరూ ఘొల్లుమనేవారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

గది గాలితో కడిగి ఖాళీ లెక్క తీస్తే నిమిషానికి పంతొమ్మిది వచ్చింది. ఉండాల్సింది రెండో మూడో. మా బావ తల పట్టుకున్నాడు. వాడి వాడి పాత ఆఫీసువాళ్లు డబ్బాల్ని పాడు చేశారని తేల్చాడు. అలా పాడవడం మామూలేనట. ముసల్దానికి పంతొమ్మిది పుట్టుజబ్బు అనుకుని, రోజూ దాన్ని తీసేస్తూ పోయాడు. మట్టి లెక్క వందల్లో వస్తుంది, ఇళ్లలో గది గాలిని ముందు బొగ్గులో పట్టి చిక్కబరుస్తాడు కాబట్టి అదీ వందల్లోనే, అందుకని పంతొమ్మిది తీసేసినా ఎవరి లెక్కా పెద్దగా మారదు. చలికాలంలో అది ఇరవై అయిదుకి పోయేది. “చలికి ముసల్దాని కీళ్లు పట్టేశాయి” అనేవాడు. ఎండాకాలం ఉక్కకి ఆగలేక, మిషను మీద నల్లగుడ్డ కప్పి తలుపు ఓరగా వేసుకునేవాడు, పన్నెండుకి దిగేది. “చూశావా, ఎండ తగిలితే హుషారు!” అని మురిసిపోయేవాడు.

మొన్న చలికాలంలో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఖాళీ లెక్క అయిదు దాటిన పాత మిషన్లన్నీ తుక్కుకి పంపమని, పదిహేనో తారీకు లోపల జాబితా ఇమ్మని. జాబితా రాయాల్సింది నేను. మొదటి వరసలోనే ముసల్ది. నాకేం పట్టింపు లేదు. పదో తారీకున కిందకి వెళ్లి చెప్పాను.

మా బావ స్టూలు మీద నుంచి లేవలేదు.

“ఇది పోతే కొత్తది ఇస్తారా?”

“ఇవ్వరట. శాంపిళ్లు వేరే ఊరు పంపుకోమన్నారు.”

“పంపితే దారిలోనే సగం గ్యాసు చస్తుంది. వాళ్లు సగం లెక్క రాసిస్తారు. ఆ సగం చూసుకుని ఇంటివాళ్లు హాయిగా పడుకుంటారు. దాన్ని తుక్కులో వెయ్యనివ్వను.”

“నువ్వెవరయ్యా వెయ్యనివ్వకపోవడానికి? ఖాళీ లెక్క ఇరవై మూడు! నీ చేత్తో నువ్వే రాసుకున్నావు!”

“బాగుచేస్తాను.”

“ఇరవై రెండేళ్లలో చెయ్యనిది అయిదు రోజుల్లో చేస్తావా?”

చేస్తానన్నాడు. ఆ అయిదు రోజులూ నాకు నరకం చూపించాడు. డబ్బాలు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. రోజుకి రెండుసార్లు నాకు ఫోను. “ఇరవై రెండుకి దిగిందిరా!” అని ఒకసారి. “మళ్లీ ఇరవై నాలుగురా” అని ఇంకోసారి. పెద్దసారు, అంటే మా ఆఫీసు అధికారి, నన్ను పిలిచి జాబితా ఏదన్నారు. ఇంట్లో మా అక్క ఫోను చేసి “మీ బావ అన్నం సరిగ్గా తినట్లేదురా, ఆ మిషనుని ఉంచెయ్యరాదూ?” అంది. అందరికీ నేనే దొరికాను. పద్నాలుగో తారీకు పొద్దున్నే నా ఓపిక అయిపోయింది. కిందకి దిగి, ఇద్దరు ప్యూన్లతో మిషను ఎత్తించి, మా స్టోర్సుకి పట్టించుకుపోయాను. మా బావ వెనకాలే, “మెల్లిగారా, మెల్లిగా! దాని ట్యూబు పగుల్తుంది!” అని పెళ్లికూతుర్ని సాగనంపే తండ్రిలా మెట్లన్నీ ఎక్కాడు.

మా స్టోర్సులో నాలుగు కిటికీలు. మిషనుని ఓ మూల బల్ల మీద పెట్టించి, “రేపు పొద్దున లారీ వస్తుంది. ఏడుస్తావో, దండం పెట్టుకుంటావో నీ ఇష్టం” అన్నాను.

“ఒక్కసారి ఖాళీ లెక్క తీసుకోనీరా. ఆఖరిసారి.”

“తీసుకో.”

“మూడు గంటలు పడుతుంది.”

“తెలుసయ్యా మహానుభావా!”

మిషను మీద నల్లగుడ్డ కప్పి, మా గదిలో గాలిని గోళీల గొట్టంలోంచి డబ్బాలోకి లాగి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను నా పని చేసుకుంటూ మధ్యమధ్యలో సణుగుతూనే ఉన్నాను. పన్నెండున్నరకి మీట నొక్కాడు. నిమిషం తర్వాత మొహం చిట్లించాడు. మళ్లీ నొక్కాడు. పది నిమిషాలు లెక్కపెట్టి సగటు తీశాడు.

“రెండు” అన్నాడు.

“ఏంటి రెండు?”

“ఖాళీ లెక్క. రెండురా! ముసల్దానికి ఏ జబ్బూ లేదు!”

నేను నమ్మలేదు. ఏదో వైరు పీకి ఉంటాడనుకున్నాను. దగ్గరుండి లెక్కపెట్టించాను. రెండు. ఒకసారి మూడు. ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు, నా బుగ్గ గిల్లాడు. “చూశావా బామ్మర్దీ, అయిదు లోపే! కొట్టెయ్ జాబితాలోంచి! పైకి తీసుకురాగానే నయమైపోయింది!” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అయిదు రోజులు నా ప్రాణం తోడేసి, ఇప్పుడు మెట్లెక్కితే నయమైందట. ఆ విసురులోనే అన్నాను, ఇరవై రెండేళ్ల కిందటి గొంతుతోనే:

“అయితే జబ్బు మిషనుది కాదన్నమాట. నీ గదిది!”

మా బావ నవ్వుతూనే నోరు తెరిచాడు. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్లు మాత్రం వేరే అయిపోయాయి. నాకింకా ఏమీ అర్థం కాలేదు. జోకు పేలలేదనుకున్నాను.

“మిషను ఇక్కడే ఉండనీ” అన్నాడు నెమ్మదిగా. “నేను కింద నుంచి గాలి పట్టుకొస్తాను.”

అదే డబ్బా తీసుకుని దిగాడు. పది నిమిషాల్లో కింది గది గాలి నింపుకొచ్చి బల్ల మీద పెట్టి, గడియారం చూసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పటికి నాకూ తెలిసిపోయింది. మిషను పైనే ఉంది, మారింది గాలి ఒక్కటే. నేను రాయడం ఆపి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో ఆయనతో పాటు మూడు గంటలూ కూర్చున్నది అదే మొదటిసారి. మూడు గంటలంటే ఎంతసేపో నాకు అప్పటిదాకా తెలీదు. మధ్యలో ఒకసారి “టీ తెప్పించనా?” అన్నాను. వద్దని తలూపాడు. ‘దేవుడా, రెండు రానీ, మిషను తుక్కులో పోతే పోనీ’ అనుకున్నాను. అవి ఒకదానికొకటి పొంతన లేని కోరికలని కూడా తోచలేదు.

ఇరవై మూడు వచ్చింది.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఎప్పటిలాగే తీరిగ్గా హెచ్చవేశాడు, భాగించాడు. చివరి అంకె కింద రెండు గీతలు గీసి నా వైపు తిప్పాడు.

“ఇందులో మూడోవంతు ఉంటేనే, గదికి గాలి ఆడే ఏర్పాటు చెయ్యండి, అందాకా అందులో ఉండకండి అని ఇంటివాళ్లకి రాస్తాం” అన్నాడు.

“ఊళ్లో కింది గదులన్నీ కొలిచావు కదయ్యా! నీ గది కొలుచుకోవాలని తోచలేదా?” అని అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలీదు.

“అర్జీ వస్తేనే కదరా కొలిచేది. ఈ గదికి ఎవరూ అర్జీ పెట్టలేదు.”

తర్వాత తన సంచిలోంచి మొదటి సంవత్సరం నోటు పుస్తకం తీశాడు. రోజుకొక వరస. తారీకు, ఖాళీ లెక్క, తీసివేత. పంతొమ్మిది, పంతొమ్మిది, ఇరవై, పంతొమ్మిది. పేజీ పైనుంచి కిందకి వేలు జరుపుకుంటూ పోయాడు.

“రోజూ పొద్దున్నే చెప్పిందిరా ఇది” అన్నాడు. “నేనే తీసేశాను.”

ఆ పుస్తకం అట్ట లోపలి వైపు ఓ కాగితం అంటించి ఉంది. నా ఎర్ర ఇంకు. ‘గది నిండా గాలే. అదే వాడుకోగలరు.’ చూసినప్పుడల్లా నవ్వొస్తుందని అంటించుకున్నాడట. నెల నిలవ ఉన్న గాలితో ఒక్కసారి కడిగి ఉంటే, ఆ మొదటి నెలలోనే రెండు వచ్చేది. జబ్బు గదిదని అప్పుడే తేలేది. సిలిండరు కోసం నేను రాయాల్సింది ఒక్క ఉత్తరం.

“తిట్టు బావా” అన్నాను. “చెంప మీద ఒకటి కొట్టు. ఏదో ఒకటి చెయ్యి.”

“ఏమని తిట్టను? నువ్వు జోకేశావు, నేను నవ్వాను. నవ్వకుండా ఇంకో ఇండెంటు పెట్టాల్సింది నేను.”

చూశారా ఈ మనిషిని! తిట్టమంటే తిట్టడు కూడా. ఒళ్లో దగ్గరగా పెట్టుకున్న ఆయన చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి ప్యూన్ల మీద ఎగిరాను.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ముసల్దాని పేరు తుక్కు జాబితాలోంచి కొట్టేశాను. పెద్దసారు స్వయంగా కిందకి వచ్చి, గడప దగ్గరే ఆగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూసి, గదికి తాళం వేయించారు. రుమాలుకి ఆగే గ్యాసు కాదని మా బావ చెప్పబోతే నేనే ఆపాను. మిషనుకి మూడో అంతస్తులో నా గది పక్కన చోటిచ్చారు. డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్లాను. ఊపిరితిత్తులకి ఫొటోలు తీసి, గొట్టంలోకి ఊదించి చూసి, ఇప్పటికి ఏమీ లేదన్నాడు. ఇప్పటికి. ఏటా వచ్చి చూపించుకోమన్నాడు. మా బావ ఆయన్ని అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? “మీ మిషనుకి ఖాళీ లెక్క తీస్తారాండీ?” అని. డాక్టరు నా వంక చూశాడు. నేనేం చెప్పను?

మా అక్కకి మాత్రం చెప్పొద్దన్నాడు. గది మారిందని చెప్పాడట, ఎందుకో చెప్పలేదట. “భయపడుతుంది. ఏమైనా ఉంటే అప్పుడు చూద్దాం” అన్నాడు. నెల రోజులు నేను నోరు కుట్టుకుని ఉన్నాను. నేను, నోరు కుట్టుకుని! ఆ ఇంటికి వెళ్లడమే మానేశాను. చివరికి ఓ ఆదివారం మా అక్క ఫోను చేసి, నాలుగింటికల్లా రాకపోతే తనే వచ్చి ఈడ్చుకుపోతానంది. వెళ్లాను.

వెళ్లేసరికి పక్కింటావిడ కూర్చుని ఉంది, ఈ మధ్యే ఆ వీధికి వచ్చారట. మా బావ కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు. మా అక్క టీ కలుపుతూ, నన్ను చూడగానే మొహమంతా నవ్వుతో, “ఇదిగో, వచ్చాడండీ మా తమ్ముడు. చెప్పానే, ఎర్ర ఇంకు వాడు! ఈయన పాపం నిలవ గాలి కావాలని రాస్తే…” అని మొదలుపెట్టింది.

మా బావ పేపరు దించలేదు. దాని వెనక నుంచి “హహ” అన్నాడు, ముందుగానే. ఇంకా నవ్వే చోటు రాలేదు.

“అక్కా, ఆ జోకు ఇంక చెప్పకే” అన్నాను.

“ఎందుకురా? బాగుంటుందిగా.”

“చెప్పకు.”

పక్కింటావిడకి ఏం అర్థమైందో, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని లేచి వెళ్లిపోయింది. మా అక్క నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. మా బావ పేపరు మడిచి “ఒరేయ్” అన్నాడు. నేను ఆగలేదు. పంతొమ్మిది దగ్గర మొదలుపెట్టి డాక్టరు దాకా అంతా చెప్పేశాను. తప్పు నాదని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ మా అక్క చేతిలో టీ గిన్నె అలాగే ఉంది.

“రోజుకి ఎన్ని గంటలు కూర్చునేవారు అందులో?” అని మొగుణ్ణి అడిగింది.

“పొద్దున మూడు. మధ్యాహ్నం మూడు.”

“ఇరవై రెండేళ్లు.”

“సెలవులు తీసెయ్యి” అన్నాడు మా బావ. లెక్క విషయంలో ఆయన అంతే.

ఆవిడ నా వైపు తిరిగింది. మా అక్క నన్ను చిన్నప్పుడు చాలాసార్లు కొట్టింది, తిట్టింది. అప్పుడు చూసిన చూపు ఎన్నడూ చూడలేదు.

“ఆ కాగితం ఎక్కడుంది?”

“బావ పుస్తకంలో. చింపేస్తానక్కా.”

“చింపకు. దాన్ని తెచ్చి నీ బల్ల మీద అద్దం కింద పెట్టుకో. సంతకం పెట్టేటప్పుడల్లా కనిపించాలి.”

అలాగేనన్నాను. ఇప్పటికీ అది అక్కడే ఉంది, పక్కనే మా బావ పెట్టిన కొత్త ఇండెంటు, నిలవ గాలి సిలిండరు, ఒకటి. పై ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను, మూడోది రాస్తున్నాను.

ఆ రోజు మా అక్క గిన్నెలో టీ మళ్లీ వేడి చేసింది. మా బావకి పోసి ఇచ్చింది. తను పోసుకుంది. నాకు పొయ్యలేదు.